మీటరు చెప్పిన దూరం

నేను డ్రైవింగ్ స్కూల్లో మాస్టర్ని. స్కూలు కొండ మీద టౌన్లో, ఇల్లు కొండ కింద. రోజంతా పక్కసీట్లో కూర్చుని కొత్తవాళ్ళ చేతిలో ప్రాణాలు పెట్టేవాణ్ణి, ఓ పట్టాన దేనికీ బెదరను. ఆ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నవ్వకండి.

సాయంత్రం ఇంటికి దిగేటప్పుడు నాకో ఆట ఉంది. ఘాట్ రోడ్డు మొదలవగానే బండిని గేర్లోనే ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తాను. బండి దానంతటదే దిగుతుంది, పెట్రోలు తాగీ తాగనట్టు ఉంటుంది. ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోతుందో మీటర్లో కనిపించే అంకె పెరుగుతూ పోతుంది. ఆరోజు ఎనభై ఉన్నది ఇల్లు చేరేసరికి నూట ముప్పై అయింది. ఆ ఊపులో బంకు దగ్గర ఆగకుండా వచ్చేశాను.

మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను కూడా. ఆవిడ బట్టలు మడతపెడుతూ, “అది అంకె అండీ, పెట్రోలు కాదు” అంది.

“నువ్వా నాకు బండి సంగతి చెప్పేది” అన్నాను. నిజానికి నేను రోజూ క్లాసులో చెప్పేది అదే. ముందు ఏ రోడ్డు ఉందో ఆ అంకెకి తెలియదు. ఇంతసేపూ బండి ఎలా నడిచిందో చూసుకుని, ఇకమీదటా అలాగే నడుస్తుందనుకుంటుంది. పైనుంచి దిగి వచ్చినవాడికి ఎక్కువ చూపిస్తుంది. ఎక్కేవాడి గోడు దానికి పట్టదు.

ఇంకా వెలుతురు ఉండగానే మా పాపకి ఊపిరి అందలేదు. నాలుగేళ్ళది, పిచ్చుక అని పిలుస్తాం. ముందు దగ్గు, తర్వాత ఛాతీలోంచి ఈల, తర్వాత పెదాలు నీలంగా... బండి తాళం కోసం జేబులన్నీ తడుముకున్నాను. ఆసుపత్రి కొండ మీదే. అంబులెన్స్ అక్కణ్ణించి దిగి, మళ్ళీ ఎక్కాలి. “నూట ముప్పై ఉందిగా, ముప్పై కిలోమీటర్లు ఓ లెక్కా” అన్నాను. ఆవిడ పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఎక్కడం మొదలుపెట్టామో లేదో పొగమంచు కమ్మేసింది. లైట్లు వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ లేదు. సెకండ్ గేర్లో ఇంజిన్ మూలుగుతోంది. తడిమట్టి వాసన, వెనకనుంచి పిచ్చుక ఈల. అంకె తొంభైకి పడింది. రెండు మలుపులు తిరిగేసరికి యాభై. ఎత్తు మీద ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి ఒరుగుతుంది, అందుకూ తప్పు చూపిస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాను. సగం దారిలో పన్నెండు అయింది. ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉంది.

బండి ఆపాను. బరువు తగ్గితే నాలుగు కిలోమీటర్లు కలిసొస్తాయి, అది నాకు తెలిసిన విద్య. డిక్కీ తెరిచి స్కూలు సామానంతా దింపాను. ప్లాస్టిక్ కోన్లు, టైరు కింద పెట్టే చెక్కదిమ్మలు, పాత బ్యాటరీ. ఒక్కొక్కటే మోసుకెళ్ళి పిట్టగోడ పక్కన పెట్టాను. అంతసేపూ డిక్కీ తెరిచే ఉంది.

మూత వేశాను. బండి వెనకభాగం కిందికి కుంగింది.

నా చేతి బరువుకి కాదు. చెయ్యి అప్పటికే తీసేశాను. ఆగి... ఇంకోసారి కుంగింది.

పరుగెత్తి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. ఖాళీ అయిన బండి తేలిగ్గా లాగాలి కదా. పది బస్తాలు వేసినట్టు ఈడ్చుకుంటూ పోతోంది. అంకె పన్నెండు నుంచి ఎనిమిది. ఎనిమిది నుంచి మూడు. తర్వాత అంకె లేదు, అడ్డగీతలు. మూసేసిన గదిలో నానిపోయిన బట్టల వాసన లోపలంతా నిండింది.

“అమ్మా...” అంది పిచ్చుక, గొంతు పూడుకుపోయి. “కాళ్ళు చాపుకుంటాను. వాళ్ళని జరగమను.”

“ఎవర్నే?” అంది మా ఆవిడ.

 కాసేపటికి నా మెడ వెనక ఆవిడ గుసగుస వినిపించింది.

“ఏవండీ... వెనక్కి చూడకండి. అద్దంలో కూడా చూడకండి. పోనివ్వండి.”

పోనిచ్చాను. నాకింకేం చేతనవును? దిగండ్రా అనలేకపోయాను. అడ్డగీతలు పడ్డాక కూడా ట్యాంకులో అడుగున కాస్త ఉంటుంది. అది ఎంతో ఎవరికీ తెలియదు. దాని మీదే నా బిడ్డ ఊపిరి నడుస్తోంది.

టౌన్ లైట్లు మంచులో మసగ్గా కనిపించాక ఇంజిన్ రెండుసార్లు దగ్గింది. ఆగిపోయింది. ఆసుపత్రి ముందున్న చివరి ఎత్తు మీద బండి వెనక్కి జారబోయింది.

వెనక భాగం పైకి లేచింది. కొందరు దిగినట్టు...

తర్వాత చప్పుడు. తడి కంకర మీద అడుగులు. చాలా అడుగులు. ఇంజిన్ ఆగిపోయిన బండి ఎత్తు మీదికి మెల్లగా కదిలింది.

కాలు బ్రేకు మీదే ఉంది. నొక్కితే ఆగుతుంది. వెనక ఈల కూడా ఆగిపోబోతోంది. నేను నొక్కలేదు. ఏడుస్తూ స్టీరింగ్ పట్టుకున్నాను, అంతే. గేటు దాటి మెట్ల దగ్గర బండి నిలబడ్డాక తిరిగి చూస్తే ఎవరూ లేరు. పోయారు, అందరూ పోయారు అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను. మా ఆవిడ నా మొహంకేసి చూడలేదు.

వార్డు బాయ్ పిచ్చుకని మా ఆవిడ ఒళ్ళోంచి చక్రాల మంచం మీదికి జరిపి లోపలికి తోశాడు. నర్సు మాస్కు పెట్టింది. పాప పెదాలకి రంగు వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. మందు ఎంత ఎక్కించాలో పాప బరువుని బట్టి చూడాలని, నర్సు మంచాన్ని అలాగే తూకం మీదికి తోయించి, మంచం బరువు తీసేసి చూసింది.

అరవై నాలుగు చూపించింది.

“మెషిన్ పాడైనట్టుంది” అని విసుక్కుని, పాప మంచాన్ని పక్కకి తోయించి తనే ఎక్కి చూసుకుంది. తన బరువు సరిగ్గానే వచ్చింది. మళ్ళీ పాపని తోయించింది. అరవై నాలుగే.

“పాప బరువెంతో మీరే చెప్పండి” అంది.

“పద్నాలుగు” అంది మా ఆవిడ వెంటనే. అంత వేగంగా ఆవిడ ఏ మాటా అనగా వినలేదు.

“సరే, పాపని ఆ పరుపు మీదికి మార్చండి” అని నర్సు మందు తీసుకురావడానికి పక్కగదిలోకి వెళ్ళింది.

పిచ్చుక చంకల కింద చేతులు వేసి ఎత్తాను. లేవలేదు. మా ఆవిడ వచ్చి కాళ్ళ వైపు పట్టుకుంది. ఇద్దరం పళ్ళు బిగించి లేపితే జానెడు లేచింది. పాప కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి తీస్తోంది. పక్కగదిలో పద్నాలుగు కిలోలకి సరిపడా మందు సిరంజిలోకి ఎక్కుతోంది.