టక్‌టక్ ఇంట్లో చేపల తొట్టి

మణుగూరులో కాలనీ దాటి అడవి వైపు నడిస్తే, చిట్టచివర ఒక పాత డాబా ఇల్లుంది. దాన్ని టక్‌టక్ ఇల్లంటారు. పొద్దుగూకితే అటు ఆటోవాళ్లు కూడా రారు. లోపల ఎవరూ లేకపోయినా గోడలు తట్టిన చప్పుడొస్తుందని దానికి పేరు. టక్... టక్... కాసేపు ఆగి, మళ్లీ టక్.

ఆ ఇంట్లో పోయినవాడు దూలయ్య. బొగ్గుబాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఒక చేత్తో కర్ర పట్టి కప్పును తట్టడం, రెండో అరచెయ్యి రాతికి ఆనించి వినడం — అదీ అక్కడి పద్ధతి. ఖంగుమంటే గట్టి. బోలుగా డబ్‌మంటే, ఇక పరుగే. రిటైరైనా ఆయనకా అలవాటు పోలేదు. రోజూ పడుకోబోయే ముందు ఇంటి గోడలన్నీ తట్టి చూసి, భార్యతో, "గట్టిగనే ఉంది, పండుకో" అనేవాడట. ఒక రాత్రి అలా తడుతూనే గోడవారన కూలబడి కన్నుమూశాడు. తట్టడం మాత్రం ఆగలేదంటారు.

ఇదంతా వెనక వీధి జంపక్క, శారదను బోరింగు దగ్గరికి పిలిచి చెవిలో చెప్పింది. అప్పటికే సామాను దిగిపోయింది.

"దయ్యం ఉంటే ఉండనీ అక్కా, అది చేపల్ని తినదు గదా" అని ఇంటి పేరు విన్న రోజే కొట్టిపారేశాడు శారద తమ్ముడు రవీందర్.

కొరివితో తల గోక్కోవడమే. కానీ ఆరడుగుల చేపల తొట్టి పట్టే హాలు అతనికి ఇంకెక్కడా దొరకలేదు. ఆ తొట్టి, చనిపోయిన అతని భార్య ప్రమీలది. తల్లి పోయిన రోజు నుంచి చిన్నారి సాహిత్య మనుషులతో మాట మానేసింది. మాట్లాడితే చేపలతోనే... అద్దానికి పెదవులానించి, గుసగుసగా. ఆ గుసగుస కూడా ఆగితే పిల్ల దక్కదని శారద భయం.

ఆ రాత్రి వాన. రవీందర్ డ్యూటీలో ఉన్నాడు. వంటింట్లోంచి హాల్లోకి వచ్చిన శారద కాలికి తడి తగిలింది.

ఓ మూల నేల కుంగింది. స్టాండు ఒరిగింది. తొట్టి అడుగు మూల నుంచి వెంట్రుకంత పగులు... పైకి పాకుతోంది.

తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అప్పుడే కరెంటూ పోయింది.

ఫోన్ టార్చి వెలిగించి, చెంబుతో నీళ్లు బకెట్లోకి తోడింది. నీళ్లతో పాటు రెండు చేపలు వచ్చాయి. తోడుతున్నా పగులు ఆగలేదు. అలాగే తోడుతూ ఉండాల్సింది. కానీ ఆమె బాయి పనివాళ్ల ఇంట్లో పుట్టింది. పగిలేదానికి దుంగ పెట్టడమే ఆ ఇంట్లో అందరికీ తెలిసిన వైద్యం. పెరట్లోంచి వాసం తెచ్చి, ఎదురుగా ఉన్న చెక్క బీరువాకూ అద్దానికీ మధ్య అడ్డంగా ఇరికించింది. సందులో చెక్కముక్క పెట్టి, పచ్చడిబండతో కొట్టి బిగించింది.

రాతికి నప్పేది అద్దానికి నప్పదని ఆ కంగారులో తోచలేదు పాపం.

పటుక్కుమంది. పగులు చెట్టు వేరులా పాయలు పాయలుగా విడిపోయింది. నీళ్లు ధారకట్టాయి.

చప్పుడుకు లేచొచ్చి, అద్దం ముందు సాహిత్య. రెండు అరచేతులూ దానికి అదిమిపెట్టి, కదలకుండా.

"పక్కకు రా బిడ్డా... రా, నా తల్లి కదా..."

రాలేదు. లాగితే స్టాండును కరుచుకుంది. ఇంకా లాగితే తొట్టి మీద పడుతుంది. వదిలేసినా పడుతుంది.

"ప్రమీలా... నావల్ల అయితలేదు. నీ బిడ్డను నువ్వే చూసుకో..."

టక్.

తొట్టి వెనక గోడలోంచి.

టక్... టక్... చప్పుడు గోడ వెంట జరుగుతోంది. జరిగి జరిగి, అద్దం మీదికొచ్చింది. టార్చి అటు తిప్పితే ఎవరూ లేరు. చేపలన్నీ ఒక మూలకు ముడుచుకుపోయి ఉన్నాయి.

ఈసారి ఖంగుమనలేదు. బోలుగా... డబ్.

సాహిత్య చేతులు తీసేసింది. చటుక్కున తిరిగి అత్త మణికట్టు పట్టుకుంది.

"అత్తా... దా. జల్దీ."

గుమ్మం దాటారో లేదో, వెనక ఫెళ్లుమంది. నీళ్లు వాకిలి దాకా తన్నుకొచ్చాయి. టార్చి వేసి చూస్తే, పిల్ల నిలబడ్డ చోటు మీదుగా ఎగిరిన అద్దం పెంకు ఒకటి, బీరువా తలుపులో దిగబడి ఉంది. సరిగ్గా ఆ పసిమెడంత ఎత్తులో.

పిల్లను గుండెకు హత్తుకుని శారద వానలోనే కూలబడి ఏడ్చింది.

తెల్లారాక రవీందర్ అంతా విని, కూతురి తల నిమురుతూ అన్నాడు. "నీళ్లకు స్టాండు చెక్క ఉబ్బింది. ఉబ్బితే గట్లనే టక్కుమంటది అక్కా."

"అవ్" అంది శారద. అలా అనుకుంటేనే నిద్రపడుతుంది మరి.

ఆ వారమే కాలనీ నడిమధ్యకు ఇల్లు మారారు. బకెట్లో బతికిన రెండు చేపలూ గాజుసీసాలోకి చేరాయి. సాహిత్య ఇప్పుడు అందరితో మాట్లాడుతోంది. అన్నం పెట్టమంటుంది, జడ వెయ్యమంటుంది.

కొత్త ఇంట్లో మొదటి రాత్రి. శారద పక్కలు పరుస్తోంది. సాహిత్య చీపురుకట్ట తిరగేసి పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. కట్ట మొదలుతో తట్టింది. రెండో అరచెయ్యి గోడకు బల్లపరుపుగా ఆనించి, చెవి దగ్గరగా పెట్టి వింది. ఇంకాస్త జరిగి మళ్లీ తట్టింది.

శారద చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. బోరింగు దగ్గర విన్న దూలయ్య ముచ్చట ఆమె ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు... తమ్ముడికి కూడా.

నాలుగు గోడలూ అయ్యాక, పిల్ల చీపురు మూలన పెట్టి వచ్చి చాప మీద ఒత్తిగిలింది.

"గట్టిగనే ఉంది అత్తా. పండుకో."