ఆరో గదిలో కిటికీ పక్క ఆవిడ

పిల్లలూ, ఈ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. చెబితే నిద్రపోరని ఒక భయం. చెప్పకుండా నాకేమైనా అయితే ఇంకెవరు చెబుతారని మరో భయం. మనవాళ్ళ ముఖాలు తెలియనంత దూరంలో పెంచుతున్నాను మిమ్మల్ని. అందుకే చెబుతున్నా. సగం మా పిన్ని చెప్పగా విన్నది, సగం నేను చూసింది.

మా ఊరి మ్యూజియంలో ఆరో గదికి చెడ్డపేరు. అందులో ఉన్నది ఒక్కటే బొమ్మ— కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ. ఎవరు వేశారో తెలీదు. కాపలాదారు కూడా కుర్చీ వరండాలోనే వేసుకునేవాడు.

పిన్ని బొమ్మలు వేసేది. అమ్మమ్మ పోయాక ఏడాదిపాటు అమ్మమ్మనే వేసింది. అమ్మమ్మ ఫోటో అంటే పారిపోయే మనిషి కాబట్టి ఇంట్లో ఒక్కటీ లేదు. అంతా జ్ఞాపకం నుంచే. చీర కుదిరింది, చేతులు కుదిరాయి... కళ్ళు కుదరలేదు. ఆరో గదిలో ఆవిడ కళ్ళు చూసి, నకలు దించి నేర్చుకుందామని వెళ్ళింది.

“ఏం బాబాయ్, లోపల కూర్చోవేం?” అని కాపలాదారుని అడిగింది.

“జీతం తక్కువై కాదమ్మాయ్, ప్రాణం ఒక్కటే కాబట్టి.” గొంతు తగ్గించాడు. “ఆవిడ వంక చూడు, ఫర్వాలేదు. చూస్తూ చూస్తూ ఎవర్నీ తలుచుకోకు... ఆ ముఖం ఉంచేసుకుంటుంది.”

పిన్ని నవ్వేసింది.

చీకటి పడింది. జనం వెళ్ళిపోయారు. గదిలో బొగ్గు గీతల చప్పుడు తప్ప ఏమీ లేదు.

బొమ్మలు వేసేవాళ్ళకో అలవాటు. నాలుగు గీతలు గీసి, వెనక్కి నడిచి, కళ్ళు సగం మూసి చూసుకుంటారు. పిన్ని ఒక అడుగు వెనక్కి వేసింది... రెండోది... మూడో అడుగులో వీపుకి ఎవరో తగిలారు.

“బాబాయ్?”

మెడ మీద చల్లటి ఊపిరి.

“మీ అమ్మ కళ్ళు...” చెవిలో గుసగుస— “ఎలా ఉండేవి?”

తలుచుకోకూడదనుకుంది. అడిగాక తలుచుకోకుండా ఎలా ఉంటుంది?

గిర్రున తిరిగింది. ఎవరూ లేరు. కాగితం లాక్కుని ఇంటికి పరుగు.

తలుపు తీసింది మా అమ్మ.

“అక్కా... అమ్మ ముఖం గుర్తు రావట్లేదు.”

“పొద్దస్తమానం అదే ధ్యాస పెట్టుకుంటే మతి పోక ఏమవుతుందే?” అంటూ అమ్మ ఆ కాగితం లాక్కుని దీపం కింద పెట్టింది. చూసింది. చాలాసేపు చూసింది.

“గుర్తు రాకపోవడమేంటి... అచ్చం అమ్మనే దించావుగా!”

“అది అమ్మ కాదక్కా.” అంది పిన్ని. “మ్యూజియంలో ఆవిడ...”

నాకప్పుడు పదేళ్ళు. వాళ్ళకెదురుగా నిలబడ్డాను; నాకు కనబడుతున్నది కాగితం వెనకవైపే.

“అమ్మా, అమ్మమ్మ కుడి కనుబొమ్మని చీల్చినట్టు గాటుండేదిగా... అందులో ఉందా?”

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు.

“ఏ గాటు?” అంది అమ్మ.

ఆ బొమ్మ చూశాక అమ్మకీ అసలు ముఖం చెరిగిపోయి, ఆవిడ ముఖమే మిగిలింది; నేను ఆ కాగితం ఇంతవరకూ చూడలేదు. కుడి కనుబొమ్మ మధ్యలో గాటు. నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకునేది. అమ్మమ్మ ఈ భూమ్మీద ఇంత మాత్రమే మిగిలింది, అదీ నా దగ్గరే. మీ పిల్లలకి చెప్పండి. నోటితోనే చెప్పండి, నాన్నా... బొమ్మ మాత్రం వేయొద్దు.