టువాల కింద కంప్యూటర్ బేరం

మా నాయన ఆ కంప్యూటర్‌ను నోరు తెరిచి చూపించమన్నాడు.

నిజంగానే అన్నాడు. ఆదోనిలో, పట్టపగలు, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల షాపులో, కౌంటర్ వెనక ఒక అమ్మాయి నిలబడి వింటుండగా అన్నాడు. నేను వెంటనే ప్రింటర్ల వైపు తిరిగి, ఈయనెవరో నాకు తెలియదన్నట్టు నిలబడ్డాను. కానీ ఇద్దరివీ ఒకే రకం ముక్కులు, దాస్తే దాగేవి కావు.

"పక్క మూత తీయమంటాండారా పెద్దాయనా?" అంది ఆ అమ్మాయి.

"ఆ, అదే. పండ్లు సూడాల గదా. ఎన్ని పండ్లది ఇది?"

"నాలుగో జనరేషన్."

"నాలుగు పండ్లా? అయితే ఇంగా పడుసుదే," అని మా నాయన నావైపు చూసి తృప్తిగా తల ఊపాడు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. పేరు గిడ్డయ్య. ఎమ్మిగనూరు సంతలో ముప్పై ఏళ్లుగా ఎద్దుల బేరగాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి బేరం తెంపడమే ఆయన పని. ఎద్దు వయసును నోట్లో పండ్లు చూసే చెప్తాడు. ఎద్దుల్ని తప్ప ఇంకే వస్తువునూ ఆయన నమ్మడు. మా ఇంటికి ఫ్రిజ్ తెచ్చిన రోజు కూడా దాని వీపు మీద ఒక చరుపు చరిచి, అది ఉలిక్కిపడుతుందేమో అని చూశాడు.

నా పేరు తిరుపాల్. డిగ్రీ అయింది, డిజైనింగ్ నేర్చుకున్నాను. ఎమ్మిగనూరులో ఫ్లెక్సీ షాపు మధుసూదన్ అన్న ఒక మాట చెప్పాడు: "సొంత సిస్టమ్ ఉంటే ఇంట్లోనే కూర్చొని బ్యానర్లు చేసియ్యి. వచ్చే సోమవారానికి మొదటి బ్యానర్ రావాల. లేదంటే వేరే పిల్లోడుండాడు." ఆ పని పోతే నాకు మిగిలింది మాదన్న మామ బ్యాచ్‌తో బెంగళూరు పోయి, కట్టే బిల్డింగుల్లో సెంట్రింగ్ కర్రలు మోయడమే. ఆ సోమవారం మర్నాడే, మంగళవారం రైలుకు నా పేరు కూడా చెప్పి పెట్టేశారు. చేతిలో ఉన్నది పదిహేను వేలు. కొత్తది కొనాలంటే ఆ డబ్బుకు మానిటర్, దాని మీద కప్పే గుడ్డ వస్తాయి.

అందుకే ఆదోని. అందుకే ఈ షాపు.

మా నాయన సీపీయూ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆన్ చేయించి చెవి పెట్టి విన్నాడు.

"రొప్పుతాంది."

"ఫ్యాన్ తిరుగుతాంది పెద్దాయనా."

"ముందు యాడ పని సేసింది?"

"బెంగళూరులో ఏదో ఆఫీసులో."

"ఏసీలో పెరిగిందా! మా ఎండకు నిలబడ్తాదా ఇది? రెండు రోజులకే కాళ్లు సాపుతాది. రంగు సూడు, నల్లగా ఉండాది. మూలకు సొట్ట. దీన్ని ఎవురైనా ఊరికే ఇచ్చినా వద్దనాల."

అమ్మాయికి కోపం వస్తుందనుకున్నాను. ఆమె మాత్రం స్క్రూడ్రైవర్ జడలో గుచ్చుకొని, చేతులు కట్టుకొని నవ్వింది.

"ఇంత తిడ్తాండారంటే పెద్దాయనకు బాగా నచ్చినట్టుందే."

మా నాయన భుజం మీది టువాల తీసి మళ్లీ వేసుకున్నాడు. నచ్చిన ఎద్దును తిట్టాలి, నచ్చని ఎద్దును పొగడాలి. అది బేరగాళ్ల ఇంటి రహస్యం. అది ఈ పిల్లకెలా తెలిసిందో ఆయనకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు కానీ, ఆ సమయంలో నేను వేరే విషయం అర్థం చేసుకునే పనిలో ఉన్నాను. పత్తి సీజను కదా, బయట లారీల నుంచి ఎగిరొచ్చిన పింజ ఒకటి ఆమె నుదుటి మీద వాలింది. ఆమె దాన్ని ఊదింది. అది లేచి, మళ్లీ వచ్చి అక్కడే వాలింది. దాని బుద్ధి నాకు చాలా నచ్చింది.

"సరే, ధర సెప్పు. డిగ్రీ సదివిన పిల్లోడు, ఇంట్లో బ్యానర్లు సేసుకోను అడుగుతాండాడు. బేరం కుదరకుంటే బెంగళూరు పోతాడు, అంతే," అన్నాడు నాయన.

"పద్..."

"ఆగు పాపా!" నాయన అదిరిపడ్డాడు. షాపులో ఇంకో ఇద్దరు గిరాకీలు కీబోర్డులు చూస్తున్నారు. "నలుగుర్లో ధర నోటితో సెప్తారా యాడన్నా?"

భుజం మీది టువాల తీశాడు. సంతలో బేరమంటే అదే. టువాల కప్పి దాని కింద చేతులు కలుపుతారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, ఐదు పట్టుకుంటే ఐదు. వదిలి మళ్లీ పట్టుకుంటే దానికి ఇది కూడాలి. ధర ఆ రెండు చేతులకే తెలుస్తుంది, పక్కవాడికి తెలియదు. అలా ఒప్పుకున్న ధరను తప్పినవాడు మళ్లీ సంతలో తలెత్తుకు తిరగలేడు.

టువాల పరిచాక మా నాయనకు ఒక ఇబ్బంది తోచింది. ఎదురుగా ఉన్నది ఆడపిల్ల. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒరే తిరుపాలూ, నువ్వు పట్టురా."

"నేనా?"

"బేరగాని కొడుకువు గాదా నువ్వు? పట్టు," అని నా చెవిలో, "పదహైదు దాటగూడదు," అన్నాడు.

ఆమె నావైపు చూసింది. వద్దంటుందనుకున్నాను. ఆమె చెయ్యి చాపింది. నేను టువాల కింద పెట్టాను.

తర్వాత ఏం జరిగిందని అడిగితే నేను చెప్పలేను. వేళ్ల చివర్లు గరుకుగా ఉన్నాయి. బొటనవేలి దగ్గర సాల్డరింగ్ కాలిన చిన్న మచ్చ తగిలింది. అంతవరకే గుర్తుంది. ఒకటో వేలు ఏది, పది ఎలా చెప్పాలి, వందలు ఎక్కడ మొదలవుతాయి, చిన్నప్పటి నుంచి నేర్చుకున్న లెక్కంతా ఆవిరైపోయింది. ఎవరో దగ్గారు. కీబోర్డు గిరాకీ అయి ఉంటాడు.

"కుదిరింది," అంది ఆమె.

"శభాష్!" అన్నాడు నాయన.

"ఆదివారం వచ్చి, అనుకున్న డబ్బులిచ్చి తీసకపోండి. ఎస్‌ఎస్‌డీ వేసి, విండోస్ ఎక్కించి పెడ్తా," అని ఆమె నా చేతిలో కార్డు పెట్టింది. పేరు మహాదేవి.

బయట సోడా బండి దగ్గర నాయన అడిగాడు, "ఎంతకు తెంపినావురా?"

నాకు తెలియదు. బేరం కుదిరింది, ధర నాకే తెలియదు. ఎమ్మిగనూరు సంత పుట్టిన తర్వాత ఇలాంటి బేరగాడు పుట్టి ఉండడు.

"పద్నాలుగు," అన్నాను.

"నా కొడుకువురా!" అని ఆయన నా వీపు చరిచాడు. ఫ్రిజ్‌ను చరిచినట్టే చరిచాడు.

ఇప్పుడు నేను ఆ ధర తెలుసుకోవాలి. పదిహేను దాటిందంటే కంప్యూటర్ రాదు, మంగళవారం రైలు తప్పదు. తిన్నగా అడుగుదామంటే, అంతసేపు చెయ్యి పట్టుకొని ఏం చేస్తున్నావు అంటుంది. దానికి జవాబు నా దగ్గర ఉంది కానీ ఫోనులో చెప్పేది కాదు.

మర్నాడు, మంగళవారం, ఫోన్ చేశాను.

"మేడమ్, నేను తిరుపాల్, ఎమ్మిగనూరు."

"ఏ తిరుపాల్?"

"నాలుగు పండ్ల సిస్టమ్."

"ఆ, చెప్పప్పా."

"అదే... మనం అనుకున్న ధర ఉంది గదా. దాంట్లో సగం ఇప్పుడే పంపిద్దామని. సగమంటే ఎంతయితాదో నువ్వే కొంచెం లెక్కేసి..."

"డిగ్రీ చదివినావన్నాడే మీ నాయన. సగం ఎంతో నీకు రాదా?"

ఫోన్ పెట్టేసింది.

బుధవారం ఇంకో దారి వెతికాను. "మా ఫ్రెండ్ ఒకడు అట్లాంటి సిస్టమే కావాలంటాండాడు. ఎంతకిస్తావు?"

"ధర నోటితో చెప్పేదెట్లప్పా? ఆ ఫ్రెండును టువాల తీసుకొని రమ్మను."

అలాంటి ఫ్రెండు ఎవడూ లేడు. అయినా వాడు టువాల తీసుకొని పోతున్నట్టు తలుచుకుంటే నాకు రాత్రి అన్నం సహించలేదు.

గురువారం కీబోర్డు గురించి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడాము. అందులో కీబోర్డు రెండు నిమిషాలు. ఆమెది చిప్పగిరి వైపు, నాయన పేరు రంగన్న, గొర్రెల వ్యాపారం.

"వేళ్ల లెక్క నాకు ఆరేండ్లప్పుడే నేర్పినాడు మా నాయన. నువ్వు ఎప్పుడు నేర్చుకున్నావు?" అని అడిగింది.

"నేనా... నేర్చుకుంటానే ఉండాను."

అవతల ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడు వచ్చింది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత తెలిసింది.

శుక్రవారం నాకు సాకులు అయిపోయాయి. సాయంత్రం మా వైపు ఎప్పుడో గాని రాని వాన వచ్చింది. రేకుల మీద టపటపలాడుతుంటే ఫోన్ మోగింది.

"ఏంది, ఈ పొద్దు ఏం అడగలేదు?" అంది మహాదేవి.

"వాన పడ్తాంది."

"ఈడ పడలేదు. నువ్వే వినిపించు, నేను వింటా."

ఫోన్ రేకుల వైపు పట్టుకొని నిలబడ్డాను. చెయ్యి నొప్పి పుట్టింది, వాన నిలిచింది, నేను మాత్రం దించలేదు. ఈ అమ్మాయి అంటే నాకు ఇష్టం. కంప్యూటర్ రాకపోతే నేను పోయేది బెంగళూరుకు కాదు, ఈమెకు దూరంగా. అప్పటికి గానీ నాకు గట్టిగా భయం వేయలేదు.

ఆదివారం నాయన కూడా బయల్దేరాడు. కొత్త ఎద్దును తోలుకొచ్చేటప్పుడు ఇంటి పెద్ద ఉండాలట. సంచిలో పసుపు, కుంకుమ, ఎద్దు మెడకు కట్టే ఒక గజ్జెల పట్టెడ పెట్టుకున్నాడు. పట్టెడ ఎందుకని నేను అడగలేదు.

షాపులో సిస్టమ్ టేబుల్ మీద వెలుగుతూ ఉంది. మూల సొట్ట కూడా ఎవరో కొట్టి సరిచేశారు. మహాదేవి కౌంటర్ మీద చెయ్యి చాపింది.

"అనుకున్న డబ్బులు?"

పద్నాలుగు వేలు పెట్టాను. ఆమె లెక్కపెట్టి, కనుబొమలు ఎత్తింది.

"మనం అనుకున్నది ఇదేనా?"

గుండె జారి సోడా బండి దాకా పోయింది. ఇంకో వెయ్యి తీసి పెట్టాను.

"ఇప్పుడు?" అన్నాను.

"అడుగుతాండేది నేను. అనుకున్నది ఇదేనా?"

"పద్నాలుగు గదరా అన్నావు?" నాయన గొంతు మారింది. "మాట తప్పుతాండావా? నా పరువేం గావాల?"

ఇక దాచడానికి ఏమీ లేదు.

"నాయనా, నాకు తెల్దు."

"ఏం తెల్దు?"

"ఎంతకు తెంపినానో."

"సెయ్యి పట్టుకుంటివి గదరా!"

"పట్టుకున్నందుకే తెల్దు."

మా నాయన నన్నొకసారి, ఆమెనొకసారి చూశాడు. "పాపా, వీడు ఎంత సెప్పినాడో నువ్వే సెప్పు. ఎంతైనా సరే, ఇల్లమ్మైనా ఇస్తా."

"ఆయప్ప ఏ ధరా చెప్పలేదు పెద్దాయనా," అంది మహాదేవి. "ఐదు వేళ్లూ పట్టుకున్నాడు. అంతే. వదిలితే గదా లెక్క ముందుకు పోయేది."

"వదల్లేదా?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాల్లో నేను జత ఎద్దులు అమ్ముతా గదరా సన్నాసీ!" అని నన్ను తిట్టి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. ముప్పై ఏళ్ల బేరగాడు కదా, పట్టుకోవలసిన చోట పట్టుకున్నాడు. "మరి ధరే లేకుంటే, కుదిరిందని ఎట్లంటివి పాపా?"

మహాదేవి మొదటిసారి తడబడింది. స్క్రూడ్రైవర్ కోసం టేబులంతా వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"నేను కూడా తీయలేదు గదా చెయ్యి," అంది మెల్లగా.

నేను మళ్లీ ప్రింటర్ల వైపు తిరిగాను, ఈసారి నవ్వు దాచుకోవడానికి.

నాయన స్టూల్ లాక్కొని కూర్చున్నాడు. "మీ నాయనెవురు?"

"చిప్పగిరి రంగన్న."

"గొర్రెల రంగన్నా?" నాయన తల పట్టుకున్నాడు. "ఆయప్ప బక్క పొట్టేలుకు మూడు గంటలు బేరమాడ్తాడే! ఆయప్పతో నేనెట్ల తట్టుకునేది?" తర్వాత లేచాడు. "యాడుండాడు ఇప్పుడు?"

"మార్కెట్ యార్డు ముందర టీ అంగట్లో."

"యాడికి నాయనా?" అన్నాను.

"యాడికేందిరా? సెయ్యి పట్టుకొని వదలనోన్ని కన్నాను. నేను పోయి మాట్లాడాల్నా వద్దా?"

"టీ తాగి పోండి మామా," అంది మహాదేవి.

పెద్దాయన ఎప్పుడు మామ అయ్యాడో ముగ్గురమూ గమనించాము. ఎవరమూ బయటికి అనలేదు. నాయన మీసం కింద నవ్వుకుంటూ పోయాడు.

ఆమె కౌంటర్ మీదకు ఒక కాగితం తోసింది. ప్రతి పార్టూ, దాని ధరా రాసి ఉంది. మొత్తం పదమూడు వేల ఆరు వందలు. మిగిలిన డబ్బు నా జేబులో తనే పెట్టింది.

"మీ నాయన ఒప్పుకుంటాడంటావా?" అని అడిగాను.

"మా నాయనకు మంగళవారమే చెప్పినా."

"మంగళవారమా! నేను సగం ఎంతని అడిగిన రోజా?"

"అది విన్నాకే చెప్పినా. ఇంత అమాయకుడు మళ్లీ దొరకడని."

"ఏమన్నాడు?"

"ఈడే పని చేసుకుంటాడంటే చూద్దాం, బెంగళూరు పోయేటట్లయితే ఇప్పుడే మర్చిపో అన్నాడు." ఆమె మానిటర్‌ను నావైపు తిప్పింది. "చూసుకో, అన్నీ సరిగ్గా ఉండాయో లేదో."

చూశాను. నేను అడిగింది ఎనిమిది జీబీ ర్యామ్. కాగితంలో రాసింది కూడా ఎనిమిదే. స్క్రీన్ మీద పదహారు కనిపిస్తోంది.

"మహాదేవీ, ఇది పదహారుంది."

"తెలుసు. నా సిస్టమ్‌లోది తీసి వేసినా."

"ఎందుకు?"

"బ్యానర్లు తొందరగా అయిపోవాల గదా," అంది, స్క్రీన్ వైపే చూస్తూ. "నువ్వు యాడికీ పోకూడదు."