మాడిన సంగటి గిన్నె

వంటింట్లోంచి మాడు వాసన వరండాలోకి వచ్చింది. జయంతి లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ముక్కు మాత్రం పనిచేస్తూనే ఉంది. సంగటి అడుగంటుతోందని తెలుసు. అయినా లేవలేదు.

“అయ్యో, మాడిపాయనే!”

కొళాయి దగ్గర్నుంచి వచ్చిన అవ్వ ఆంజినమ్మ బిందెను గడప దగ్గరే దించి లోపలికి పరుగెత్తింది. స్టవ్వు ఆపి, గుడ్డతో గిన్నె దించింది.

“ఏమ్మే, ఎసరు ఇంకుతానే స్టవ్వు ఆపమని చెప్పి పోయినా కదా?”

“నాకు చెప్పలేదవ్వా.”

అవ్వ మనవరాలిని చూసింది, గిన్నెను చూసింది. “చెప్పినట్టే ఉండాదే...” అని గొణుక్కుంది.

అమ్మా నాయనా గొర్రెల మందతో కాలువ కింది పొలాలకు పోయి రెండు నెలలైంది. ఇక్కడ వాన పడి గడ్డి మొలిస్తేనే వాళ్లు తిరిగొచ్చేది. ఆకాశం చూస్తే మబ్బు తునకైనా లేక కడిగిన పలకలా ఉంది. పోయిన వారం ఒకరోజు నిజంగానే పొరపాటున సంగటి మాడింది. అది ఫోన్లో విని అమ్మ, “ఇంకోసారి ఇట్లయితే నేను వచ్చేస్తా” అంది. ఆ ఒక్క మాటే వారమంతా జయంతి చెవుల్లో తిరుగుతోంది. అమ్మ దుప్పట్లోని గొర్రె ఉన్ని వాసన కూడా గుర్తొస్తోంది.

తిండయ్యాక అవ్వ గిన్నెలో చెంబెడు నీళ్లు పోసి నానబెట్టింది. నానినాక కొబ్బరి చిప్పతో గీకింది. జయంతి సబ్బు తెచ్చింది.

“సబ్బు వద్దుమే. ఈ నీళ్లు మేకకు పోయాల. సబ్బు పడితే మూతి పెట్టదు.”

గీకిందంతా మేక తొట్టిలో పోసి, అవ్వ బూడిదతో తోమింది. నలుపు వదల్లేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.

“కోడలా, నాకు మతి తప్పుతాండాది,” అంది అవ్వ. “చెప్పనిది చెప్పినట్టు ఉండాది. రేపు ఇల్లు కాలబెడతానేమో. నువ్వొచ్చేయ్ తల్లీ.”

“సరే అత్తా. రేపు పొద్దున బస్సెక్కుతా. ఈడ గొర్రెలు ఈనుతాండాయి. నీ కొడుకు ఒక్కడే ఎట్లో చూసుకుంటాడులే.”

రేపే! జయంతికి ఎగిరి గంతేయాలనిపించింది.

అవ్వ లేచి వంటింట్లోకి పోయింది. స్టవ్వు గుండీ తిప్పి చూసింది. వచ్చి కూర్చుంది. మళ్లీ లేచింది. మళ్లీ చూసింది. మూడోసారి లేస్తుంటే జయంతి అంది, “ఆపే ఉండాదవ్వా.”

“నువ్వే చూసి చెప్పుమే ఇంక. నన్ను నేను నమ్మేట్టు లేదు.”

జయంతి పెరట్లోకి పోయి గిన్నె ముందేసుకుంది. బూడిద, శెనక్కాయల పొట్టు కలిపి వేళ్లు మండేదాకా రుద్దింది. గోరంత తెలుపు బయటపడింది. మిగతాదంతా అట్లే ఉంది. బూడిద చేతులతోనే పోయి అవ్వ ఎదుట నిలబడింది.

“అవ్వా, నువ్వు చెప్పినావు. పోతా పోతా రెండుసార్లు చెప్పినావు. నేనే ఆపలేదు. అమ్మ వస్తాదని.”

అవ్వ ఆ బూడిద చేతులు పట్టుకుంది.

“అంటే... నా మతి బాగుండాదా?”

“బాగుండాది.”

“దొంగపిల్లా! మా నాయన పేరన్నా గుర్తుండాదా లేదా అని ఇంతసేపూ చూసుకుంటా కూర్చున్నా గదే!” అవ్వ నవ్వబోయింది. నవ్వు రాలేదు. జయంతిని దగ్గరికి లాక్కుంది. “నా కొడుకును చూడాలని నాకు మాత్రం ఉండదా?”

కాసేపయ్యాక అవ్వ ఫోన్ అందించింది. “మీ అమ్మకు నువ్వే చెప్పుకో.”

ఫోన్ అవతల గొర్రెల మెడగంటలు మోగుతున్నాయి. అప్పుడే పుట్టిన పిల్ల ఒకటి సన్నగా అరుస్తోంది.

“ఏం పాపా? పదకొండుకల్లా ఆడుంటా. నీకేం తేవాల?”

జయంతి మసి చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

“బస్సెక్కొద్దమ్మా,” అంది. “అవ్వకేం కాలేదు. సంగటి నేనే మాడబెట్టినా.”