పేలని తూటా

"అక్కా! గడియ పెట్టు!"

మెదెర్ గడప మీదే బోర్లా పడతాడు. ఒక కాలికి బూటు లేదు. మేజోడు నిండా మంచు.

జిపార్ కిటికీలోంచి చూస్తుంది. పొద్దు గుంకింది. నరిన్ ఏటి వంతెన మీద జీపు లైట్లు... ఇటే వస్తున్నాయి!

"ఎవర్రా?"

"షబ్దాన్! వాళ్ళ తమ్ముడు ఎర్నిస్ పోయాడక్కా... పొద్దున గుర్రాల దొంగలు కాల్చేశారు. మన దగ్గర కొన్న పిస్తోలు పేల్లేదట. నన్ను చంపేస్తాడు!"

జిపార్‌కి ఆ పిస్తోలు బాగా గుర్తుంది.

అది సైన్యం వాడి అమ్మేసిన సరుకులో వచ్చిన పాత పిస్తోలు. బేరం తమ్ముడిదే. కానీ విప్పి చూసి, 'బాగుంది, తీసుకో' అన్నది తను. నాన్న పోయాక ఈ కొండల్లో తుపాకీల బాగోగులు చెప్పేది ఆమే. ఆ మాట నమ్మే షబ్దాన్ కొన్నాడు.

"లోపలి గదిలోకి పో. కిక్కురుమన్నావంటే నేనే చంపుతా!"

గడియ పెట్టేలోపే తలుపు దభాలున తెరుచుకుంటుంది.

షబ్దాన్! కోటు ముందంతా రక్తం. అతనిది కాదు.

జిపార్ అలవాటుగా రొట్టె పళ్ళెం ముందుకు జరుపుతుంది. పగవాడైనా సరే, గడప తొక్కితే ఓ ముక్క కొరకాలి. కొరికాక ఆ ఇంటివాళ్ళ మీద చెయ్యెత్తకూడదు.

షబ్దాన్ రొట్టెకేసి చూస్తాడు. ముట్టుకోడు.

అంటే... చంపడానికే వచ్చాడు!

"ఏడీ నీ తమ్ముడు?"

"ముందు కూర్చో."

"కూర్చోడానికి రాలేదక్కా. ఇదిగో, నువ్వు మెచ్చిన సరుకు!"

పిస్తోలు బల్ల మీద ఠంగున పడుతుంది. పక్కనే ఒక తూటా. పేలనిది.

"చూడు. చెత్తదని నీ నోటితోనే చెప్పు. తర్వాత వాణ్ణి ఈడ్చుకుపోతా."

చెత్తదంటే తమ్ముడు పోతాడు. మంచిదంటే... ఇతను నమ్మాలి కదా!

ఇనుము వేళ్ళకి అతుక్కుంటోంది, అంత చల్లగా ఉంది. తూటాల మ్యాగజైన్ తీసి పక్కన పెడుతుంది. పిస్తోలు చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. ఈ రకంలో తూటాని కొట్టే పిన్ను వదులుగా ఉంటుంది. ఊపితే టిక్కు టిక్కుమనాలి.

చప్పుడు లేదు!

పొయ్యి పక్కన పెడుతుంది.

"ఏం చేస్తున్నావ్?"

"నా పని. అరవకు!"

తూటా అడుగు దీపానికి పట్టి చూస్తుంది. మధ్యలో గోటితో గిల్లినంత నొక్కు. పిన్ను కొట్టింది... కానీ బలం లేదు.

పిస్తోలు మూతి దగ్గర నల్లరంగు పోయింది. అది ఏ సిపాయి తోలు ఒర రాపిడో, దాంతో నష్టం లేదు. గొట్టంలోకి చూస్తుంది. గాడులు పదునుగానే ఉన్నాయి. తుప్పు తిన్న గుంటలు లేవు. ఉబ్బు లేదు. పగుళ్ళు లేవు. స్ప్రింగు గట్టిదే.

మరేమైంది?

అప్పుడు కనిపిస్తుంది. పిన్ను రంధ్రంలోంచి ఒక చుక్క...

నీళ్ళు!

మళ్ళీ ఊపుతుంది. టిక్కు... టిక్కు...

"విన్నావా? లోపల పిన్ను చుట్టూ మంచు కట్టింది. ఇప్పుడు కరిగింది."

"మంచు కాదు, గ్రీజు! గోదాములో పూసింది నువ్వు తుడవక చలికి గడ్డకట్టింది!"

"గ్రీజు నీళ్ళై కారుతుందా? నాకు నేర్పుతున్నావా?"

మాట్లాడుతూనే ఆమె చేతులు పని చేస్తున్నాయి. విప్పడం. గుడ్డతో తుడవడం. పొయ్యి సెగకి ఆరబెట్టడం. బిగించడం. నాన్న నేర్పిన అలవాటు.

"షబ్దాన్... రాత్రి ఇదెక్కడుంది?"

షబ్దాన్ పిస్తోలుకేసి చూస్తాడు.

"ఎక్కడుంది?"

"ఎర్నిస్ తలగడ కింద. పొయ్యి పక్కన."

"చలిలోంచి వెచ్చటి గదిలోకి తెస్తే తుపాకికి చెమట పడుతుంది. తెల్లారి బయటికి తీసుకెళ్తే ఆ చెమటే గడ్డకడుతుంది. మీ తాత తుపాకి ఎక్కడ పడుకునేది?"

"వసారాలో..." గొణుగుతాడు. "చలిలో."

"మరి వీడికి తలగడ కింద పెట్టుకోమని ఎవరు చెప్పారు?"

లోపలి గదిలో ఏదో దభీమని పడుతుంది!

షబ్దాన్ చేతిలోకి పిస్తోలు. మ్యాగజైన్. టక్! ఒక్క ఊపున లోపలికి... మెదెర్‌ని మెడపట్టి ఈడ్చుకొస్తాడు.

"తమ్ముణ్ణి వెనకేసుకొస్తున్నావ్! సరే, తేల్చేద్దాం. చెడ్డదైతే ఇప్పుడూ పేలదు. వీడు బతికిపోతాడు. ఏం భయం?"

గొట్టం మెదెర్ నుదుటికి ఆనింది.

"అక్కా..."

"వద్దు!" జిపార్ అడ్డం పడుతుంది. రెండు చేతులతో ఆ గొట్టం పట్టుకుంటుంది. "పేలుతుంది! ఇప్పుడే తుడిచి ఆరబెట్టాను! అది మంచిది షబ్దాన్, పేలి తీరుతుంది!"

వెక్కి వెక్కి ఏడుస్తోంది. తడి గుడ్డ ఇంకా పిడికిట్లోనే ఉంది.

షబ్దాన్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"చెడ్డదైతే వీడు బతుకుతాడని చెప్పినా... పేలుతుందనే ఏడుస్తున్నావ్. అయితే నిజంగానే మంచిదా అక్కా?"

"మంచిదేరా."

చెయ్యి కిందికి దిగుతుంది.

"దొంగలు ఎత్తుకుపోతారని... దగ్గర పెట్టుకుని పడుకోరా అన్నాను. నేనే అన్నాను."

బల్ల దగ్గరికి వెళ్తాడు. రొట్టె తుంచుతాడు. కొరుకుతాడు. మింగుడుపడదు. అయినా మింగుతాడు.

కొరికాడు!

జిపార్‌కి ప్రాణం లేచొస్తుంది. ఇక ఈ ఇంటికి భయం లేదు. మెదెర్ గోడకి జారగిలబడ్డాడు. వాడి తల నిమురుతుంది.

"టీ పోస్తా, కూర్చో షబ్దాన్."

"ఎర్నిస్ జీపులో ఒక్కడే ఉన్నాడక్కా. చలిలో."

తలుపు మెల్లగా మూసుకుంటుంది.

జిపార్ కెటిల్ అందుకుంటుంది. అలవాటుగా బల్ల వంక చూస్తుంది.

తూటా ఉంది. ఆ పేలని తూటా ఒక్కటే...

పిస్తోలు లేదు!

"షబ్దాన్!"

వట్టి కాళ్ళతో మంచులోకి పరుగెడుతుంది. జీపు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. వెనక తలుపు తెరిచి ఉంది. అతను తమ్ముడి శవం పక్కన కూర్చుని ఉన్నాడు, గొట్టం తన కణతకి ఆనించుకుని...

"ఆగరా! వద్దు..."

ఢాం!

ఈసారి పేలింది.