ముజిబ్ లోయలో నాలుగో కప్పు

"టార్గెట్ చావాలి. నీళ్లలో మునిగి చచ్చినట్టు కనిపించాలి," అన్నాడు కల్నల్ ఫవ్వాజ్.

"ఎవరు సార్?" అడిగాడు ఏజెంట్ హాయెల్.

"రేపు ముజిబ్ లోయలో ఈదుకుంటూ దిగే టూరిస్టుల్లో ఒకడు. ఎగువ ఆనకట్ట తలుపులు తెరిచే కోడ్ ఉన్న మైక్రోచిప్ వాడి చేతికి అందబోతోంది. అది సరిహద్దు దాటితే దిగువ ఊళ్లు మిగలవు. మనిషిని సుహైర్ చూపిస్తుంది. శత్రువు ముఠాలో మన డబుల్ ఏజెంట్."

హాయెల్ తలూపాడు. భయం లేదు, కోపం లేదు. మూడేళ్ల క్రితం ఓ మిషన్‌లో తమ్ముడు తన పక్కనే కూలిపోయినప్పటి నుంచి అతనికి ఏదీ పట్టదు. పట్టినా ఆలస్యంగా పడుతుంది. ఇలాంటి పనులకి అలాంటి వాళ్లనే పంపుతారు.

మర్నాడు అసిస్టెంట్ గైడ్ వేషంలో, లైఫ్ జాకెట్‌లో విషపు సూది దాచుకుని లోయలోకి దిగాడు. నల్ల కళ్లద్దాల సుందరి ఒకతె పక్కకి వచ్చింది.

"ఈ ఏడు ఖర్జూరం ఆలస్యమటగా?"

"చెట్టెక్కితే తెలుస్తుంది."

కోడ్ వర్డ్ కుదిరింది. "ఆ జర్మన్ తాత, ఒట్మార్. వాడే," అని గుసగుసలాడి సుహైర్ ముందుకి సాగింది.

ఒట్మార్‌కి డెబ్భై దాటి ఉంటాయి. రాయి కనిపిస్తే చాలు జారుతున్నాడు. హాయెల్ అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు.

చివరి మడుగు ముందు పెద్ద గైడ్ అబూ ధియాబ్ కాఫీ కాచి చిన్న కప్పులతో అందరికీ ఇచ్చాడు. ఒట్మార్ తాగి, పొద్దున ఆయన నేర్పినట్టే కప్పు అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. ఈ పక్క ఊరే, కెరక్ నుంచి వచ్చానన్న లెక్కల మాస్టారు జియాద్ తాగి ఊరికే చాపాడు. అబూ ధియాబ్ మళ్లీ పోశాడు.

"చాలు మామా."

"మొహమాటమెందుకు మాస్టారూ, కానివ్వండి."

నాలుగో కప్పుకి మాస్టారి మొహం వేలాడిపోయింది. "వద్దంటున్నాగా మామా!"

"నోరు వద్దంటోంది, చెయ్యి పొయ్యమంటోంది. ఎవరి మాట వినమంటారు?"

అందరూ పగలబడి నవ్వారు. హాయెల్ చూశాడంతే.

మడుగులో ఒట్మార్ ఈదలేక వెల్లకిలా తేలుతున్నాడు. హాయెల్ సూది మూత తీసి అతని మెడ దగ్గరికి తెచ్చాడు.

అప్పుడు తట్టింది. చాలనుకుంటే కప్పు ఊపాలని కెరక్‌లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. పరాయి దేశపు తాత ఒక్క పూటలో నేర్చుకున్నది కెరక్ మాస్టారికి తెలియదా?

తలెత్తాడు. కాస్త ముందు ఈదుతున్న సుహైర్ చేతిలోంచి మైక్రోచిప్ జియాద్ చేతిలోకి జారుతోంది.

హాయెల్ సూదికి మూత బిగించి మునిగాడు. జియాద్ కాళ్లు పట్టి అడుగుకి లాగాడు. పిడికిలి విడేదాకా మణికట్టు మెలితిప్పి, చిప్‌తో పైకి లేచాడు. "మామా, తాడు!" అని అరిచాడు. అబూ ధియాబ్ ప్రశ్నలు వెయ్యలేదు. జియాద్‌నీ, సుహైర్‌నీ కట్టి పడేశాడు.

"నిన్నే పంపమని కల్నల్‌కి చెప్పింది నేను," అంది సుహైర్ కసిగా. "నీకు ఏదీ పట్టదన్నారు."

హాయెల్ తాడు ముడి ఇంకోసారి బిగించాడు.

లోయ బయట జీపు వాళ్లిద్దరినీ ఎక్కించుకుని వెళ్లింది. ఒట్మార్ వచ్చి హాయెల్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రోజంతా నా చెయ్యి వదల్లేదు నువ్వు. కన్న కొడుకు కూడా ఇంతగా చూసుకోడు."

ఆ చేతుల్లో ఒకటే సూదిని అతని మెడ దాకా తెచ్చిందని హాయెల్‌కి గుర్తొచ్చింది. మూడేళ్లలో మొదటిసారి అతనికి భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది.

"వచ్చే ఏడు మా ఆవిడని తెస్తాను," అన్నాడు ఒట్మార్. "ఆమె పక్కన కూడా నువ్వే ఉండాలి!"