వంకరపోయిన జంపఖానా

మగ్గం నుంచి కోసి నేల మీద పరిచిన జంపఖానాను చూడగానే రాజక్క నెత్తి కొట్టుకుంది. తను గట్టిగా కొట్టి నేసే ఎడమవైపు అంచు పొట్టిగా, భర్త వెంకట్రాజం పక్కన కూర్చుని వదులుగా నేసే కుడివైపు అంచు పొడుగ్గా వచ్చింది... నడుమ చారలన్నీ ఏటవాలుగా జారిపోయాయి.

పక్కింటి సోమక్క తొంగిచూసింది. "ఆలుమొగలు లడాయి పెట్టుకున్నరా ఏంది? మీరు చెప్పకున్నా మీ జంపఖాన చెప్తాంది."

వెంకట్రాజం నవ్వలేదు. కొత్తవాడలో మగ్గాలన్నీ పల్చగా నేసి, ఎక్కువ సరుకు దించుతున్న కాలమది. హాస్టళ్లకు సరుకు పంపే సేటు, మొత్తం అందకపోతే వేరే మగ్గం చూసుకుంటానన్నాడు. పని పోతే ఊరొదిలి భీవండి మిల్లులకు పోవాల్సిందే.

"పిల్లలు పండేటి దానికి గింత గట్టిదనం ఎందుకే? జర చెయ్యి వదులు చెయ్యి."

"చేద్దామనే కూసుంటానయ్యా... పంజా పట్టంగనే అత్తమ్మ యాదికొస్తాంది."

కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో అత్త సమ్మమ్మ ఆమె వేళ్ల మీద తన వేళ్లు వేసి, ఇనుప పంజాతో పోగును దిగగొట్టడం నేర్పింది. తల్లిలేని పిల్లకు ముద్ద కలిపి పెట్టిన చెయ్యీ అదే! ఇప్పుడు దెబ్బ తగ్గిస్తే, పోయిన ఆ చేతిని తన మీదనుంచి తీసేసినట్టే ఉంటుంది. రాజక్క కన్నీళ్లు పెట్టుకుంది.

వెంకట్రాజం తన చోట సర్దుకుని కూర్చున్నాడు. "సరే, నీ తీరే కొడుదాం. సగం సరుకే ఇస్తనని సేటుకు చెప్త."

సేటు గొణుక్కుంటూనే సగం పని ఉంచాడు. చాయలో పాలు తగ్గాయి, పండుగ బట్టలు వాయిదా పడ్డాయి. అయినా రెండు పంజాల చప్పుడు ఒక్కటైన ఆ రోజులే రాజక్కకు జీవితమంతటిలోకీ తియ్యనివి...

ఏళ్లు గడిచాయి. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన వెంకట్రాజం, వద్దన్నా వినకుండా మళ్ళీ మగ్గమెక్కాడు. జబ్బు పడ్డ చేతిలో పంజా తేలిపోతోంది. రాజక్క తన పంజా పట్టుకుని అతని పక్కన కూర్చుంది.

జంపఖానా దిగింది. చారలు ఎక్కడా వంకర పోలేదు. అతడు మురిసిపోతూ దాన్ని వేళ్ల నడుమ నలిపి చూశాడు. ముఖం మారిపోయింది.

"నీ దిక్కు గూడ పల్చగున్నదేందే? బతిమాలినప్పుడు వదులు చెయ్యకపోతివి..."

రాజక్క తల దించుకుని పోగులు దులుపుతోంది.

"అమ్మ చూస్తే ఏమంటదే?" అన్నాడతను.

"ఏమనది. కొడుకు పక్కన కూసున్న గద."